మెట్లెక్కే పిల్లాడు గోడ పట్టుకుంటున్నాడు, ఇది డౌన్ సిండ్రోమ్ వల్లేనా?

ప్రశ్న: మాది రేణిగుంట. మా అబ్బాయికి 19 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉంది. మూడేళ్ళప్పుడు గుండెలో రంధ్రానికి ఆపరేషన్ చేయించాం. రెండేళ్ళ కిందట అలిపిరి నుంచి గాలిగోపురం దాకా నాతోపాటు ఎక్కాడు. ఇప్పుడు మేడమెట్లకే గోడ పట్టుకుంటున్నాడు. పొద్దున లేవగానే కాళ్ళు బిగుసుకున్నట్టు నడుస్తాడు. చిగుళ్ళలో రక్తం, విపరీతమైన గురక, బరువు కూడా పెరిగాడు. రక్తపరీక్షలో సీఆర్‌పీ ఎక్కువగా ఉంది. ‘ఈ పిల్లల్లో ఇన్‌ఫ్లమేషన్ మామూలే, చేసేదేం లేదు’ అని డాక్టరు అన్నారు. ఆన్‌లైన్‌లో పసుపు క్యాప్సూల్స్ తెప్పించాను, వేయొచ్చా? రాత్రిళ్ళు అన్నం మాన్పించి చపాతీ పెడుతున్నాను. - ఒక తల్లి

జవాబు: అమ్మా, డౌన్ సిండ్రోమ్ మీ బాబుకు పుట్టుకతో ఉంది. గాలిగోపురం ఎక్కిన రోజు కూడా ఉంది. అప్పుడు ఎక్కినవాడు ఇప్పుడు ఎక్కలేకపోతున్నాడంటే మధ్యలో కొత్తగా ఏదో వచ్చింది. దాన్ని వెతకాలి. ‘ఈ పిల్లలంతే’ అని వదిలేయడం వల్ల నయమయ్యే జబ్బులు ఏళ్ళ తరబడి ముదిరిపోతుంటాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు, మంట) మాట నిజమే. వీళ్ళలో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి. వైరస్ వచ్చినప్పుడు ఒంటిని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్లను అందుకునే గ్రాహకాలకు ఆరు జన్యువులుంటే, వాటిలో నాలుగు ఆ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి. అందుకే ఏ వైరస్ లేకపోయినా రోగనిరోధక వ్యవస్థ కయ్యానికి కాలుదువ్వుతుంటుంది. థైరాయిడ్, కీళ్ళు, పేగులు, చర్మం ఆ దెబ్బ తింటాయి. సీఆర్‌పీ ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ ఉందని మాత్రమే చెబుతుంది. చిగుళ్ళ జబ్బుకూ పెరుగుతుంది, అధిక బరువుకూ పెరుగుతుంది.

నాకు ముందుగా అనుమానం కీళ్ళ మీద. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఒకరకం ఆర్థ్రైటిస్ వస్తుంది. నొప్పి అని నోరు తెరిచి చెప్పరు, పని మానేస్తారు. మెట్లు మానేస్తారు, చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేస్తారు. వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు కీళ్ళ డాక్టరు స్వయంగా పట్టి చూడాలి. కీళ్ళవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. మందులు మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా కాపాడుకోవచ్చు.

అయితే మెడ సంగతి అంతకంటే తొందర. వీళ్ళలో మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉండొచ్చు. మెడనొప్పి, నడకలో తూలడం, చేతుల్లో పట్టు తగ్గడం, బట్టల్లోనే మూత్రం పోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తిరుపతిలో బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉంది, దూరం పోనక్కర్లేదు. సెలూన్‌లో తలమాలిష్ చేసి మెడ విరిపించడం మాత్రం ఎప్పటికీ వద్దు.

థైరాయిడ్ పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరి. బరువు, మందకొడితనం అక్కడి నుంచే రావచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోని ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) విభాగంలో చూపించవచ్చు. గురకకు స్లీప్ స్టడీ అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే ఇన్‌ఫ్లమేషన్ ఇంకా పెరుగుతుంది. చిగుళ్ళకు డెంటిస్టును కలిసినప్పుడు గుండె ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళండి, ముందుగా యాంటీబయాటిక్ అవసరమా కాదా వారు తేలుస్తారు. ఇంట్లో రాత్రి బ్రష్ మీరు దగ్గరుండి చేయించండి.

చపాతీ గురించి ఒక మాట. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు వీళ్ళలో మామూలు జనంలో కంటే ఎక్కువ. కడుపుబ్బరం, విరేచనాలు, రక్తహీనత ఉన్నా లేకపోయినా దాన్ని పట్టే టీటీజీ రక్తపరీక్ష చేయించండి. పరీక్షకు ముందు గోధుమ మానిపించకండి, మానితే జబ్బు ఉన్నా దొరక్కపోవచ్చు. సీలియాక్ అని తేలితే మన రాగి సంగటి, అన్నం నిశ్చింతగా పెట్టొచ్చు, వాటిలో గ్లూటెన్ లేదు. తేలకపోయినా చపాతీ కంటే సంగటి, ఆకుకూర పప్పు ఏమాత్రం తక్కువ కాదు. ముద్ద సైజు తగ్గించండి చాలు.

పసుపు క్యాప్సూల్స్ వేయకండి. కూరలో వేసే పసుపు వేరు, పసుపు నుంచి గాఢంగా తీసిన కర్క్యుమిన్ వేరు. దానివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజూ వేయడం కూడా వద్దు. ఇంటర్‌ఫెరాన్ ఉధృతిని తగ్గించే టోఫాసిటినిబ్ వంటి మందులపై అమెరికాలో డౌన్ సిండ్రోమ్ వాళ్ళతోనే పరిశోధనలు నడుస్తున్నాయి. ఆశ పెట్టుకోదగ్గవే. కానీ అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, లోపల నిద్రపోతున్న క్షయను లేపగలవు. నిపుణుల పర్యవేక్షణ లేకుండా వాటి జోలికి పోకూడదు.

డాక్టరు ముందు ఐదు నిమిషాల్లో బాబు మామూలుగానే నడవొచ్చు. అందుకని రేపు పొద్దున మంచం దిగిన దగ్గర్నుంచి అతని మొదటి పది అడుగులు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్ళండి.