ఎన్నారై సందేహాలు: గొర్రెలు కనిపిస్తే మా కుక్కపిల్ల ఆగట్లేదు

ప్రశ్న: తిరుపతి నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉంటున్నాం. ఏడు నెలల లాబ్రడార్ ఉంది. నడకకు తీసుకెళ్తే గొర్రెల మీదికి లాక్కుని పోతోంది. ఎట్లా మాన్పించాలి?

జవాబు: పలమనేరు, పుంగనూరు వైపు మంద వెంట కాపరి ఉంటాడు. పల్లె కుక్కలు కూనలుగా ఉన్నప్పటి నుంచే మేకల్నీ గొర్రెల్నీ చూస్తూ పెరుగుతాయి కాబట్టి వాటికి అదేమీ వింత కాదు. మీరున్న చోట కాపరి కనిపించడు. నడకదారి మేత పొలాల మధ్య నుంచే పోతుంది. ఇంట్లో పెరిగిన కుక్కకు గొర్రె పరుగెత్తే వస్తువు, అంతే.

ముందు చట్టం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1953 చట్టం ప్రకారం కుక్క కరవాల్సిన పనిలేదు, తరిమినా నేరమే. గొర్రెలున్న పొలంలో అదుపు లేకుండా వదిలినా నేరమే. వేరే దారి లేక రైతు కుక్కను కాల్చి, 48 గంటల్లో పోలీసులకు చెబితే 1971 చట్టం అతని పక్షాన ఉంటుంది. స్కాట్లాండ్‌కు విహారానికి వెళ్తే ఇంకా జాగ్రత్త: అక్కడ 2021 నుంచి గరిష్ఠ జరిమానా 40,000 పౌండ్లు, జైలు 12 నెలలు. ఇంత కాఠిన్యం ఎందుకంటే, పంటి గాటు పడకపోయినా చూడి గొర్రెలు బెదిరి పరుగెత్తితే ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది.

ఇక శిక్షణ. వీపు మీద కొక్కెం ఉండే హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), 10 మీటర్ల లాంగ్ లైన్ (పొడవాటి శిక్షణ తాడు) కొనండి. లైన్‌ను మెడపట్టీకి తగిలించకండి. పరుగు మీదున్న కుక్క లైన్ చివర ఆగితే ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే లీడ్ (కుక్కను పట్టుకునే తాడు) అసలు వద్దు. దాని సన్నటి తాడు వేళ్లు కోస్తుంది, పైగా లాగితే పొడవు పెరుగుతుందని కుక్కకు నేర్పుతుంది.

మొదటి రెండు మూడు వారాలు గొర్రెల జోలికే పోవద్దు. ఇంట్లో విజిల్ ఊది వెంటనే తిండి పెట్టండి. తర్వాత పెరట్లో, ఆపైన ఖాళీ పార్కులో. అమ్మ ‘రా’ అని, పిల్లలు ‘కమ్’ అని పిలిచే ఇంట్లో విజిలే మేలు, ఎవరు ఊదినా ఒకటే శబ్దం. బహుమానంగా ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్, గోరంత ముక్కలు. కూరలోంచి తీసిన ముక్క పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం.

అసలు కీలకం దూరంలో ఉంది. మధ్యలో గోడో కంచో ఉండేలా, రోడ్డు మీదో నడకదారి మీదో నిలబడి, 100 నుంచి 150 మీటర్ల దూరంలో మొదలుపెట్టండి. కుక్క గొర్రెల్ని చూసి, మళ్లీ మీ చేతిలోని ముక్క తినగలిగితే ఆ దూరం సరైనది. నోరు మూసుకుని, ఒళ్లు బిగించి, ముక్కను పట్టించుకోకపోతే దగ్గరికి వచ్చేశారన్నమాట. మాట్లాడకుండా వెనక్కి నడవండి. చూసిన క్షణంలో, బిగుసుకోకముందే విజిల్ ఊది, తిరిగి నడుస్తూ తినిపించాలి. ఒక్కో విడత 5 నుంచి 10 నిమిషాలు చాలు. వరుసగా కొన్ని రోజులు తొణక్కుండా ఉంటేనే 10 మీటర్లు ముందుకు. గొర్రెపిల్లలు గంతులేసే వసంతంలో మళ్లీ మొదటి దూరానికి వెళ్లాల్సి వస్తుంది, అది వెనకబాటేమీ కాదు. గొర్రెలు మేత మాని గుంపుగా చేరి మీవైపే చూస్తుంటే ఆ రోజుకు వచ్చేయండి, అవి అప్పటికే బెదిరాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: నాలుగు వారాలు బాగుందని లైన్ విప్పేస్తారు. తరమడంలోనే కుక్కకు బహుమానం ఉంది, మీ చికెన్ దాని ముందు నిలవదు. ఒక్కసారి ఆ రుచి తగిలితే వారాల శ్రమ పోతుంది. అరిస్తే మీరూ వేటలో చేరారనుకుంటుంది. పొట్టేలుతో కలిపి మూసేస్తే బుద్ధి వస్తుందనే పాత చిట్కా రెండింటికీ గాయాలే మిగులుస్తుంది. కరెంటు షాక్ పట్టీలు వేల్స్‌లో 2010 నుంచి నిషేధం. ఎక్కడున్నా వాటి జోలికి పోకపోవడమే మంచిది. నొప్పి కలిగినప్పుడు పక్కనే మీ బిడ్డ ఉంటే, కుక్క ఆ నొప్పిని బిడ్డతో ముడిపెట్టుకోవచ్చు.

శిక్షణ పూర్తయినా గొర్రెల దగ్గర లీడ్ తియ్యకండి. ఇంగ్లండ్‌లో అందరికీ నడిచే హక్కున్న బీడు భూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు 2 మీటర్లకు మించని లీడ్ తప్పనిసరి, పశువులు దగ్గరుంటే ఏడాదంతా. స్వేచ్ఛగా పరుగెత్తించాలంటే గంట లెక్కన అద్దెకిచ్చే, చుట్టూ కంచె ఉన్న డాగ్ ఫీల్డ్‌లు ఉంటాయి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉబుసుపోక కుక్కను నడకకు తీసుకెళ్తుంటారు. పల్లెలో కుక్కకు తాడు కట్టే అలవాటు ఉండదు కాబట్టి, పొలాల దారి కాకుండా ఏ వీధిలో తిప్పాలో ముందే చూపించండి. ఒక్క మినహాయింపు కూడా చెప్పండి: ఆవులు మీదికి వస్తే లీడ్ వదిలేయాలి. అవి వచ్చేది కుక్క కోసం. అది పరుగెత్తి తప్పించుకుంటుంది, పట్టుకుని నిలబడితే మనిషి నలిగిపోతాడు.