టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌పై స్టిక్కర్ జిగురు వదలడం లేదు

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కీబోర్డు దిగువన కంపెనీ అంటించిన స్టిక్కర్లు పీకేస్తే జిగురు మిగిలిపోయింది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతుందని కొందరు, పెట్రోలుతో తుడవమని ఇంకొందరు చెబుతున్నారు. ఏది వాడాలి?

జవాబు: రెండూ వాడకండి. ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంది, చాలామంది నష్టం జరిగాకే రాస్తున్నారు. రిమూవర్లలో సాధారణంగా ఉండే అసిటోన్, జిగురుతోపాటు దాని కిందున్న ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది. అసిటోన్ లేదని సీసాపై రాసినవాటిలో తరచుగా ఇథైల్ అసిటేట్ ఉంటుంది, అదీ ఈ ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి అవీ క్షేమం కాదు.

ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసేసి, జిగురుపై కాస్త కొబ్బరినూనె రాసి పది నిమిషాలు నాననివ్వండి. మెత్తబడిన జిగురును వేలికొనతో అంచు నుంచి లోపలికి రుద్దితే ఉండలు కట్టి ఊడివస్తుంది. మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన బట్టతో తుడవండి. ద్రవాన్ని నేరుగా పోస్తే కీల సందుల్లోకి దిగుతుంది. రంగు వేసిన భాగమైతే ముందు కనిపించని మూల పరీక్షించండి. తెరపై మాత్రం ఇవేవీ వద్దు.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది పెట్రోలు. దాని ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలవెంట పాకి, పక్క గదిలో వెలుగుతున్న స్టవ్ దాకా చేరగలదు. ఆల్కహాల్ కూడా మన గదుల వేడిలో మండే ఆవిరినే వదులుతుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా వాడాలి.

అంతకన్నా ప్రమాదకరమైన పని, వీడియోలు చూసి, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ కిందికి, దాన్ని అతికించిన జిగురు కరగాలని ఇలాంటి ద్రావకం పోసి, స్క్రూడ్రైవర్‌తో పైకి లేపడం. లిథియం బ్యాటరీ పొర చిరిగితే ఆ ద్రావకమే మంటకు ఆజ్యమవుతుంది. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

అసలు తప్పు బ్యాటరీని గట్టి జిగురుతో అతికించే రూపకర్తలదే. ఐరోపా యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల్లోని బ్యాటరీని వేడిగానీ ద్రావకాలుగానీ అవసరం లేకుండా వినియోగదారుడే తీయగలిగేలా ఉండాలి. కొస పట్టుకుని లాగితే సాగి ఊడివచ్చే జిగురు పట్టీలను కొన్ని ఫోన్లలో ఇప్పటికే వాడుతున్నారు. మిగతా వాటిలో వాడకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ నాకు కనిపించడం లేదు.