సాలెపురుగు గదిలో నీ చెయ్యి ఎటు పోయింది?

చిన్నూకి పిన్ని ఆశీస్సులు.

ఆదివారం రాత్రి ఫోన్లో నీ గొంతు వింటే మనసు చివుక్కుమంది. "స్కైరిమ్ కంప్యూటర్ ఆటలో లెవెల్ 22కి వచ్చాను పిన్నీ, దారిన పోయే బందిపోటు కూడా రెండు దెబ్బల్లో చంపేస్తున్నాడు, అంతా డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెడతా" అన్నావు. డిలీట్ చెయ్యకు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ జూమ్ చేసి చూశాను. ఒంటి చేతి కత్తి 38, విల్లు 36, డిస్ట్రక్షన్ (దాడి మంత్రాలు) 35, హెవీ ఆర్మర్ (బరువైన కవచం) 33, లైట్ ఆర్మర్ (తేలిక కవచం) 34, స్నీక్ (నక్కి నడవడం) 40, స్పీచ్ 41, పిక్‌పాకెట్ 39, లాక్‌పికింగ్ (తాళాలు తియ్యడం) 46. లెవెల్ పెరిగినప్పుడల్లా ఒక పెర్క్, అంటే స్కిల్‌కి అదనపు బలం, వస్తుంది కదా, ఇప్పటిదాకా వచ్చిన ఆ 21 పెర్కుల్నీ తొమ్మిది స్కిల్స్‌కి రెండేసి మూడేసి చొప్పున పంచేశావు. ఎవరికీ కడుపు నిండలేదు.

2012లో నేనూ ఇదే చేశాను. అప్పుడు కేపీహెచ్‌బీలో అద్దె గదిలో ఉండేదాన్ని. నైట్ షిఫ్ట్ లేని రోజుల్లో స్కైరిమ్ ఆడేదాన్ని. ఆట 2011 నవంబరు 11న వచ్చింది, నాకు ఆరు నెలల తర్వాత దొరికింది. నా మొదటి క్యారెక్టర్ ఒక బ్రెటన్ జాతి అమ్మాయి. కనిపించిన ప్రతి తాళం తీసింది, ప్రతి జేబు కొట్టింది, ప్రతి కొట్లో బేరమాడింది. లెవెల్ చకచకా పెరుగుతుంటే నాకెంత సంతోషమో. తర్వాత ఒక కోట గోడ మీద ఒకే ఒక్క బందిపోటు చేతిలో వరసగా పదకొండు సార్లు చచ్చిపోయాను. ఆ రాత్రి కంప్యూటర్ కట్టేసి ఏడ్చాను కూడా. ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. నీకు అన్ని రోజులు పట్టకూడదనే ఈ ఉత్తరం.

ఈ ఆటలో 18 స్కిల్స్ ఉన్నాయి కదా. ఏ స్కిల్ పెరిగినా ఆ అంకె ఎంతో అంత నీ లెవెల్ ఖాతాలో పడుతుంది. కత్తి 40కి చేరితే 40, లాక్‌పికింగ్ 40కి చేరినా 40. ఆ ఖాతాకి రెండూ ఒకటే. కానీ ఎదుటివాడి గొడ్డలి నీ మీద పడేటప్పుడు రెండూ ఒకటి కావు. నీ లెవెల్ పెరిగేకొద్దీ లోకంలో శత్రువులు కూడా పెరుగుతారు. మొదట్లో వట్టి బందిపోటు, తర్వాత ఔట్‌లా, థగ్, హైవేమాన్, ప్లండరర్, చివరికి మరాడర్. నీకు ఇప్పుడు ఎదురవుతున్నది ప్లండరర్లు. తాళాలు తీసీ జేబులు కొట్టీ నువ్వు వాళ్ళని పిలిపించుకున్నావు. వాళ్ళతో తలపడే కత్తి మాత్రం 38 దగ్గరే ఆగిపోయింది.

అలాగని తాళాలు తియ్యొద్దని కాదు. పెర్కులు మాత్రం అక్కడ పెట్టకు. అన్నిటికంటే కష్టమైన మాస్టర్ తాళాన్ని కూడా ఒక్క పెర్క్ లేకుండా తియ్యొచ్చు. పుల్ల తిప్పే చోటు సన్నగా ఉంటుంది, నాలుగు పుల్లలు ఎక్కువ విరుగుతాయి, అంతే. ఓపిక ఉంటే చాలు.

ఇక అసలు ప్రశ్న, ఏది పట్టుకోవాలి. నువ్వు వీడియోల్లో చూసి "బెస్ట్ బిల్డ్" అని ఒకటి రాసుకున్నానన్నావు. అది పక్కన పెట్టు. అది వేరేవాళ్ళ చేతికి కుదిరిన కత్తి. బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధి గుర్తుందా? రివర్‌వుడ్ ఊరి పైన కొండ మీద, ఆట మొదట్లో అందరం వెళ్ళేది అక్కడికే. లోపల మెట్లు దిగి పోతే సాలెగూడు కమ్మేసిన గుమ్మం వస్తుంది. గూడు నరికి లోపలికి అడుగు పెడతావు. గది నిండా తెల్లటి పోగులు. ఎదురుగా గూట్లో చిక్కుకుని ఆర్వెల్ అనే దొంగ కాపాడమని అరుస్తుంటాడు. నువ్వు వాడి వైపు చూస్తూ ఉండగా పైకప్పు నుంచి నీ కంటే పెద్ద సాలెపురుగు దిగుతుంది.

ఆ మొదటి క్షణంలో నీ చెయ్యి ఎటు పోయింది? అది గుర్తు తెచ్చుకో. డాలు ఎత్తావా? వెనక్కి పరిగెత్తి, ఆ సందులోకి అది పట్టదని గమనించి అక్కణ్ణుంచి బాణాలు వేశావా? రెండు చేతుల్లోంచీ మంట చిమ్ముతూ దాని చుట్టూ తిరిగావా? తీరిగ్గా ఉన్నప్పుడు మనకి అన్నీ బాగానే అనిపిస్తాయి. భయమేసినప్పుడు చెయ్యి దేని మీదకి పోతుందో అదే నీ ఆట. నా చెయ్యి ఎప్పుడూ డాలు మీదకే పోయేది, మూడు నెలలు మేజ్‌ని, అంటే మంత్రగత్తెని, అనుకుంటూ తిరిగినా సరే. బ్రెటన్ని పక్కన పెట్టి డాలు పట్టిన రోజు నుంచే నాకు ఈ ఆట మీద నిజమైన ప్రేమ పుట్టింది. డాలుతో దెబ్బ ఆపే బ్లాక్ స్కిల్‌లో క్విక్ రిఫ్లెక్సెస్ అని ఒక పెర్క్ ఉంది. డాలు ఎత్తి ఉండగా ఎదుటివాడు పెద్ద దెబ్బకి చెయ్యి లేపగానే కాలం నెమ్మదిస్తుంది. ఆ ఒక్క క్షణంలో గొడ్డలి గాల్లో రావడం కనిపిస్తుంది, పక్కకి తప్పుకోవడమో డాలుతో గెంటడమో చెయ్యొచ్చు. అది అలవాటైతే ఎంత పెద్దవాడు ఎదురొచ్చినా టెన్షన్ ఉండదు.

కాబట్టి కొన్నాళ్ళు కొత్త పెర్కులేవీ ఖర్చు పెట్టకు. లెవెల్ రాగానే పెట్టెయ్యాలని రూలేమీ లేదు, అవి ఎక్కడికీ పోవు, దాచుకోవచ్చు. రెండు మూడు గుహలు తిరిగి నీ చేతిని గమనించు. తర్వాత చంపే పనికి ఒకటి, ఒంటిని కాపాడే పనికి ఒకటి ఎంచుకుని దాచినవన్నీ వాటిలో పెట్టు. హెవీ, లైట్ రెండు ఆర్మర్లూ కలిపి తొడుగుతున్నావు చూడు, అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే. ఒకే రకం నిలువెల్లా తొడిగినవాళ్ళకి అదనపు రక్షణ ఇచ్చే పెర్కులు రెండిట్లోనూ ఉన్నాయి. నీకవి ఎప్పటికీ దక్కవు. హెవీ బరువని భయపడుతున్నావేమో, ఆ స్కిల్ 70కి చేరాక కండిషనింగ్ పెర్క్ తీసుకుంటే ఒంటి మీద ఉన్న ఇనుము బరువే లెక్కలోకి రాదు.

చేతిపనుల్లో కూడా ఒకటి చాలు మొదట్లో. కత్తి పట్టేవాళ్ళకి కమ్మరం, మంత్రం పట్టేవాళ్ళకి వస్తువులకి మంత్రశక్తి ఎక్కించే ఎన్‌ఛాంటింగ్. మందులు తయారుచేసే ఆల్కెమీ నాకు ప్రాణం. గోధుమ గింజలూ కొండ మీద నీలం పూలూ కలిపి దంచితే గాయం మాన్పే మందు వస్తుంది, రెండూ వైట్‌రన్ ఊరి చుట్టుపక్కలే దొరుకుతాయి. ఇది అందరూ నేర్చుకోవాలని మాత్రం అనను. ఊరికే పూలు కోస్తూ తిరగడం ఇష్టమున్నవాళ్ళకే అది.

మంత్రాల గురించి ఒక్క మాట జాగ్రత్తగా విను, ఎందుకంటే చాలామంది మనసు విరిగేది ఇక్కడే. కత్తి స్కిల్ పెరిగితే కత్తి దెబ్బ పెరుగుతుంది, పెర్కులతో పెరుగుతుంది, కొలిమి దగ్గర పదును పెడితే ఇంకా పెరుగుతుంది. డిస్ట్రక్షన్ అలా కాదు. ఫైర్‌బోల్ట్ దెబ్బ 25. నీ స్కిల్ 30 అయినా 90 అయినా 25. పెర్కులు రెండూ పెడితే ఇంకో సగం కలుస్తుంది, అక్కడితో సరి. స్కిల్ పెరిగితే తగ్గేది మంత్రానికయ్యే ఖర్చు. అందుకే మేజ్ బలం ఒక్కో మంత్రం దెబ్బలో లేదు, ఆపకుండా వెయ్యగలగడంలో ఉంది. రెండు చేతులా కలిపి వేస్తే ఎదుటివాణ్ణి తూలిపడేలా చేసే ఇంపాక్ట్ పెర్క్ 40 దగ్గర ఉంటుంది. నీది 35. మంటలే నీకు నచ్చితే ఇంకో ఐదు పాయింట్లకి అది అందుతుంది. ఎన్‌ఛాంటింగ్ పూర్తిగా పెంచుకుంటే ఒక్కో వస్తువు మీద డిస్ట్రక్షన్ ఖర్చు 25 శాతం తగ్గించొచ్చు, అలాంటివి నాలుగు తొడిగితే ఆ మంత్రాలు ఉచితం. దూరపు దారే, కానీ గట్టి దారి.

ఇక స్నీక్, విల్లు. నీ స్క్రీన్‌షాట్ చూస్తుంటే నువ్వు మెల్లగా అటే జారుతున్నావని అర్థమైంది. స్కైరిమ్ ఆడినవాళ్ళలో ఎంతోమంది ఎక్కడ మొదలుపెట్టినా చీకట్లో నక్కి బాణం వెయ్యడం దగ్గరికే చేరతారు. కారణం ఉంది. దాక్కుని వేసిన బాణానికి రెండింతల దెబ్బ, ఒక పెర్క్‌తో మూడింతలు, పైగా నీకు గీత కూడా పడదు. తప్పని అనను. కానీ నా అభిప్రాయం చెప్తాను. దానితో వంద గుహలు తిరిగినా ఒకే గుహ వంద సార్లు తిరిగినట్టు ఉంటుంది. నక్కడం నీకు నిజంగా ఇష్టమైతే విల్లు పక్కన పెట్టి బాకు పట్టు. అస్సాసిన్స్ బ్లేడ్ పెర్క్‌తో వెనక నుంచి పొడిస్తే 15 రెట్లు. కాకపోతే అంత దగ్గరికి పోవాలి. గుహల్లో ఉండే ఫాల్మర్లనే శత్రువులు గుడ్డివాళ్ళు, చెవులు మాత్రం పాము చెవులు. వాడి భుజం పక్కన ఊపిరి బిగబట్టి, కంట్రోలర్ స్టిక్ నెమ్మదిగా కొంచెం కొంచెం జరుపుతూ నిలబడతావే, అప్పుడు తెలుస్తుంది నక్కడమంటే ఏంటో.

జాతి గురించి బెంగపెట్టుకోకు. మొదట్లో ఒక స్కిల్‌కి పది, ఇంకో ఐదింటికి ఐదేసి పాయింట్ల తేడా, లెవెల్ 20 దాటాక దాని ఊసే ఉండదు. నిలిచిపోయేవి బ్రెటన్‌కి మంత్రాల దెబ్బ నాలుగో వంతు తగ్గడం, నార్డ్‌కి చలి దెబ్బ సగం తగ్గడం, హై ఎల్ఫ్‌కి మ్యాజికా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) 50 ఎక్కువ, అలాంటివే. నీ నార్డ్ బాగానే ఉన్నాడు.

ప్రతి లెవెల్‌కీ హెల్త్, మ్యాజికా, స్టామినాల్లో ఒకదానికి 10 కలుపుకుంటావు కదా. నువ్వు సమానంగా పంచుతున్నావు. కత్తి దారి పడితే ఇకపై మ్యాజికా ముట్టుకోకు. రెండు సార్లు హెల్త్‌కి వేస్తే ఒకసారి స్టామినాకి వెయ్యి. స్టామినాకి వేసినప్పుడల్లా మోసే బరువు కూడా 5 పెరుగుతుంది. ఇంకో చిట్కా, క్యాబేజీ, బంగాళాదుంప, టమాటా, లీక్ కలిపి కూరగాయల సూప్ వండుకో. 720 సెకన్ల పాటు స్టామినా కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటుంది. స్టామినా ఏ కాస్త ఉన్నా పెద్ద దెబ్బ పడుతుంది కాబట్టి ఆ పన్నెండు నిమిషాలూ నీ చేతికి అడ్డుండదు.

నీ సేవ్‌ని, అంటే ఇప్పటిదాకా ఆడిన ఆటని, ఎలా నిలబెట్టాలో కూడా చెప్తాను. వైట్‌రన్‌లో కంపానియన్స్ అనే యోధుల జట్టుతో చేరు. ఒకే ఇంట్లో అందరూ గురువులే. ఆథిస్ ఒంటి చేతి కత్తి నేర్పుతాడు, న్యాడా డాలు, ఫార్కాస్ హెవీ ఆర్మర్, ఏలా విల్లు. ఒక్కో లెవెల్‌కి ఐదు పాఠాలే డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. జేబులు కొట్టి కూడబెట్టిన బంగారం ఉందిగా, ఇన్నాళ్ళకి దానికి మంచి పని పడింది. నువ్వు ఎంచుకున్న రెండింటి మీదే ఖర్చు పెట్టు. ఇప్పటికే వేరేచోట్ల చిందిన పెర్కుల కోసం బాధపడకు. నీ దగ్గరున్న స్పెషల్ ఎడిషన్‌లో డ్రాగన్‌బోర్న్ అనే అదనపు కథ కలిసే వస్తుంది. అది పూర్తి చేస్తే ఒక నల్ల పుస్తకం ద్వారా ఒక డ్రాగన్ ఆత్మ ఖర్చు పెట్టి ఒక స్కిల్ పెర్కులన్నీ వెనక్కి తీసుకోవచ్చు. ఆ లోపు ఆట మరీ కష్టమైతే డిఫికల్టీ ఒక మెట్టు దించు. అందులో చిన్నతనం ఏమీ లేదు. అన్నిటికంటే పై మెట్టు లెజెండరీలో నీ దెబ్బ నాలుగో వంతే తగులుతుంది, వాళ్ళ దెబ్బ మూడింతలు పడుతుంది. అది స్కిల్స్ కుదిరాక ఆడుకునే ఆట.

నేను ఇప్పుడు ఆడుతున్నది ఎవరినో తెలుసా? మనసుల్ని మాయ చేసే ఇల్యూజన్ మంత్రాలు తప్ప ఇంకేదీ ముట్టుకోని డార్క్ ఎల్ఫ్. తన చేత్తో ఎవరినీ చంపకూడదని నియమం పెట్టుకున్నాను. ఫోర్ట్ గ్రేమూర్ గోడ నీడలో కూర్చుని ఒకడి మీద ఫ్యూరీ వేస్తాను, వాడు పక్కవాడి మీద పడతాడు, వాళ్ళ అరుపులకి మూడోవాడు పరిగెత్తుకొస్తాడు. ఈ మంత్రాలకి శత్రువు లెవెల్ హద్దు ఉంటుంది, పెర్కులు పెట్టకపోతే పెద్దవాళ్ళ మీద పనిచెయ్యవు. అందుకే వచ్చిన ప్రతి పెర్కూ మొదట అక్కడికే పోయింది. ఇన్నేళ్ళు ఆడాక కూడా మొన్న ఆ కోటలో నాకు గుండె దడదడలాడింది. నువ్వూ అలా ఆడాలని నా ఆశ. కానీ ముందు నీ చేతి సంగతి తేలాలి.

కంపానియన్స్‌లో చేరి చిన్న పనొకటి చేశాక ఫార్కాస్‌తో డస్ట్‌మన్స్ కెయిర్న్ అనే పాత సమాధికి పంపిస్తారు. చివరి పెద్ద గదిలో శవపేటికలు పగిలి డ్రాగర్లు, అంటే లేచి నడిచే శవాలు, ఒక జట్టు తర్వాత ఒక జట్టు లేస్తారు. వాళ్ళకి చలి మంత్రాలు సగమే తగులుతాయి, విషం అసలు ఎక్కదు, అది గుర్తుపెట్టుకో. ఆ గదిలోకి పోయే ముందు ఏమీ అనుకోకు, ఏ ప్లానూ వెయ్యకు. మొదటి పేటిక మూత పగలగానే నీ చేతిలో ఏముందో చూసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ 21 పెర్కుల లెక్క అప్పుడు ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

నీ పిన్ని