పోర్టు 25 చివర్లో తెరువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత మెషీన్‌లో డిస్కు తప్పులు చూపిస్తోందనీ, ఈ వారాంతంలోనే మెయిల్ సర్వర్‌ని కొత్త మెషీన్‌కి మార్చేస్తాననీ రాశావు. ఒక్క మెయిల్ కూడా పోకూడదు, ఒక్క నిమిషం కూడా సర్వర్ ఆగకూడదు అన్నావు. మొదటి కోరిక న్యాయమైనదే. రెండోది వదిలెయ్. దాని కోసం తాపత్రయపడితే మొదటిది చేజారుతుంది.

మెయిల్ వెబ్‌సైట్ లాంటిది కాదు. నీ సర్వర్ పలకకపోతే పంపే సర్వర్ ఆ ఉత్తరాన్ని తన క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం 4, 5 రోజులు అలా ప్రయత్నించాలని మెయిల్ పంపే నియమాలు రాసిన 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 పత్రం చెబుతోంది. మెయిల్‌ని పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయితే మనం ఏమీ మార్చకపోతే 5 రోజులు ఉంచుకుంటుంది. అంటే నువ్వు అర పూట సర్వర్‌ని మూసేసినా ఉత్తరాలు ఆలస్యమవుతాయి, అంతే. ఓటీపీల్లాంటివి మాత్రం ఆలస్యంగా వస్తే పనికిరావు, ఆ సంగతి ఇంట్లో వాళ్లకి ముందే చెప్పు.

అసలు ప్రమాదం సగం తయారైన సర్వర్ జవాబు చెప్పడంలో ఉంది. 4తో మొదలయ్యే కోడ్ ఇస్తే "తర్వాత రా" అని అర్థం. 5తో మొదలయ్యేది ఇస్తే "ఇక రావద్దు" అని. 550 అందుకున్న సర్వర్ ఆ క్షణమే ప్రయత్నం మానేసి, ఉత్తరం చేరలేదని పంపినవాళ్లకి చెప్పేస్తుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను కూడా తొందరపడి, ముందు డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ మెషీన్‌ని సూచిస్తుందో చెప్పే రికార్డులు) మార్చేసి, తర్వాత తీరిగ్గా సెట్టింగులు చూసుకుందాం అనుకున్నాను. యూజర్ల పట్టిక కాపీ చేయడం మర్చిపోయాను. రాత్రంతా కొత్త సర్వర్ వచ్చిన ప్రతి మెయిల్‌కీ "అలాంటి యూజర్ లేరు" అని జవాబిస్తూనే ఉంది. పొద్దున్నే లాగ్ తెరిచి చూస్తే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరెవరు రాశారో చిరునామాలు ఉన్నాయి, ఏం రాశారో లేదు. ఒక్కొక్కరికీ రాసి మళ్లీ పంపమని అడిగాను. కొందరు పంపారు. ఆ రాత్రి సర్వర్‌ని పూర్తిగా ఆపేసి పడుకుని ఉంటే అన్నీ మర్నాడు వచ్చి చేరేవి.

అందుకే కొత్త మెషీన్‌లో బయటి నుంచి వచ్చే పోర్టు 25ని (మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే ద్వారం) ఫైర్‌వాల్‌లో మూసే ఉంచు. అన్నీ సరిచూసుకున్నాక, చిట్టచివర తెరువు. పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్‌బౌన్స్ అనే సెట్టింగు ఉంది. అది ఆన్ చేస్తే 5 కోడ్‌లన్నీ 4 అయిపోతాయి. మొదటి రెండు రోజులు అలా ఉంచి, లాగ్ ప్రశాంతంగా ఉందనిపించాక తీసెయ్. తీయడం మర్చిపోకు, లేకపోతే నిజంగా చేరని మెయిళ్లు కూడా క్యూలో పేరుకుంటాయి.

ఇవన్నీ తర్వాత. కొత్త మెషీన్‌కి డబ్బు కట్టకముందే, అక్కడి నుంచి బయటికి పోర్టు 25 తెరిచి ఉంటుందో లేదో కనుక్కో. చాలా హోస్టింగ్ సంస్థలు దాన్ని మూసి ఉంచుతాయి, అడిగితేనే తెరుస్తాయి. మెషీన్ ఐపీ చిరునామాకి పీటీఆర్ రికార్డు, అంటే ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే డీఎన్ఎస్ రికార్డు, పెట్టుకునే వీలుండాలి. ఆ పేరు, నీ సర్వర్ మాట మొదలుపెడుతూ హెలోలో చెప్పుకునే పేరు, ఆ పేరుకి ఐపీ ఏదో చెప్పే 'A' రికార్డు, మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. కొత్త తరహా ఐపీ చిరునామా ఐపీవీ6కి పీటీఆర్ పెట్టలేకపోతే పోస్ట్‌ఫిక్స్‌ని పాత తరహా ఐపీవీ4కే పరిమితం చెయ్. జీమెయిల్ లాంటివి పీటీఆర్ లేని చోటు నుంచి వచ్చే మెయిల్ తీసుకోవు. ఆ ఐపీని నీకంటే ముందు ఎవరు ఏం చేయడానికి వాడారో నీకు తెలియదు, కాబట్టి స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్టుల్లో వెతుకు. అందులో ఉంటే ఇంకో ఐపీ అడుగు, దాంతో పోరాడుతూ కూర్చోకు.

పాత కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసి కొత్తదాని మీద పరచకు. పెట్టెల్లోని మెయిల్‌ని ఫోన్లకి అందించే డవ్‌కాట్ సాఫ్ట్‌వేర్ 2.4లో సెట్టింగులు రాసే తీరే మారిపోయింది, 2.3 నాటి ఫైలుతో అది లేవనే లేవదు. పాత మెషీన్‌లో 'పోస్ట్‌కాన్ఫ్ -ఎన్', 'డవ్‌కాన్ఫ్ -ఎన్' నడిపితే నువ్వు మార్చినవి మాత్రమే కనిపిస్తాయి. ఆ రెండూ పక్కన పెట్టుకుని ఒక్కో పంక్తీ ఎందుకు పెట్టావో గుర్తు చేసుకుంటూ కొత్తదాంట్లో రాయి. సీవ్ ఫిల్టర్లు (వచ్చిన మెయిల్‌ని సర్దే నియమాలు), ఏలియాస్‌లు (మారు చిరునామాలు), ఈ సర్వర్ ద్వారా మెయిల్ పంపే చిన్న చిన్న స్క్రిప్టులు కూడా ఒక కాగితం మీద రాసుకో.

ఇంకో చోట జాగ్రత్త. స్పామ్ పంపే ఐపీల స్పామ్‌హౌస్ జాబితాని పోస్ట్‌ఫిక్స్ నేరుగా అడిగేలా పెట్టుకున్నావు కదా. కొత్త మెషీన్ ఏదైనా పబ్లిక్ డీఎన్ఎస్ రిజాల్వర్‌ని (డీఎన్ఎస్ ప్రశ్నలకి జవాబు వెతికిపెట్టే సర్వర్) వాడుతుంటే, అటు నుంచి 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. ఏ జవాబు వచ్చినా జాబితాలో ఉన్నట్టే అనుకునేలా సెట్టింగు రాసి ఉంటే పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌నీ తిప్పి పంపేస్తుంది. మెషీన్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకో.

ఇక మెయిళ్ల కాపీ. నీది మెయిల్‌డిర్ (ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా ఉండే పద్ధతి) కాబట్టి, మారిన ఫైళ్లని కాపీ చేసే ఆర్‌సింక్ చాలు. పాత సర్వర్ నడుస్తుండగానే రెండు మూడు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు ఇంకోసారి నడుపు. ఆఖరిసారి మాత్రం రెండు వైపులా డవ్‌కాట్ ఆపి, 'డిలీట్' ఆప్షన్‌తో నడపాలి. ఎందుకంటే మెయిల్ చదివితే మెయిల్‌డిర్‌లో ఆ ఫైలు పేరే మారుతుంది, చివర ఎస్ గుర్తు చేరుతుంది. పాత పేరుతో ఉన్న కాపీని తీసేయకపోతే ఒకే ఉత్తరం రెండు సార్లు కనిపిస్తుంది. పోర్టు 25 తెరిచాక మాత్రం ఆ కమాండ్ జోలికి పోవద్దు. అప్పటిదాకా వచ్చిన కొత్త మెయిళ్లన్నీ పాతదాంట్లో లేవు కాబట్టి తుడిచిపెట్టేస్తుంది. కమాండ్ హిస్టరీలో కూడా ఉంచకు.

ఏ ఉత్తరానికి ఏ నంబరో రాసి ఉండే 'డవ్‌కాట్-యూఐడీలిస్ట్' ఫైళ్లు తప్పకుండా వెళ్లాలి. అవి పోతే ఫోన్లన్నీ మొత్తం మెయిల్‌ని మొదటి నుంచి మళ్లీ దించుకుంటాయి. యూజర్ నంబర్లు కూడా చూసుకో. మెయిల్ ఫైళ్లకి యజమాని అయిన వీమెయిల్ అనే యూజర్ నంబరు పాతదాంట్లో 5000 అయి, కొత్తదాంట్లో 998 అయితే ఫైళ్లన్నీ ఉన్నా డవ్‌కాట్ తెరవలేదు.

డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ని (ఒక రికార్డుని మిగతా సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 300 సెకన్లకి ముందే తగ్గించు. ఇప్పుడు 86400 ఉంటే తగ్గించాక పూర్తిగా ఒక రోజు ఆగాల్సిందే. మీ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త ఐపీని ముందే చేర్చు, పాతది తీసేయకు. మెయిళ్ల మీద సంతకం పెట్టే డికిమ్‌కి కొత్త సెలెక్టర్‌తో (తాళంచెవికి పెట్టే పేరు) కొత్త తాళంచెవి చేసుకుని, పాత రికార్డుని ఓ వారం పైనే ఉండనివ్వు. నీ పాత సంతకంతో వెళ్లిన మెయిళ్లు ఎక్కడో క్యూల్లో ఇంకా తిరుగుతుంటాయి.

ఆ రోజు పాత మెషీన్‌లో లోపలికి వచ్చే పోర్టు 25, మీ యూజర్లు మెయిల్ పంపే 465, 587 మూసెయ్. ఐమ్యాప్ (ఫోన్లు మెయిల్ చదువుకునే దారి) కూడా. పోస్ట్‌ఫిక్స్‌ని మాత్రం ఆపకు, దాని క్యూ ఖాళీ కానివ్వు. మీ యూజర్లకి రావాల్సినవన్నీ పెట్టెల్లో పడ్డాక డవ్‌కాట్ ఆపి ఆఖరి ఆర్‌సింక్ చెయ్. బయటివాళ్లకి వెళ్లాల్సినవి కొన్ని మిగిలితే మిగలనీ, అవి పాత ఐపీ నుంచే వెళ్తాయి. పాతదాని నుంచి కొత్తదానికి మెయిల్ దారి మళ్లించమని కొందరు చెబుతారు. అది నాకు నచ్చదు. అలా వచ్చిన మెయిల్ అంతా పాత ఐపీ నుంచి వచ్చినట్టు కనిపించి ఎస్‌పీఎఫ్ తనిఖీలో తప్పుతుంది.

తర్వాత కొత్తదాంట్లో డవ్‌కాట్ లేపి, మెషీన్ లోపలి నుంచే పరీక్ష మెయిళ్లు పంపే స్వాక్స్‌తో ప్రతి యూజర్‌కీ, ప్రతి ఏలియాస్‌కీ ఒక మెయిల్ పంపి చూడు. లేని పేరుకి కూడా ఒకటి పంపి, తీసుకోకుండా ఉందో లేదో చూడు. ఆపైన డీఎన్ఎస్ మార్చి, పోర్టు తెరిచి, వెంటనే బయటి మెషీన్ నుంచి మీ డొమైన్‌కి చెందని చిరునామాకి పంపించి చూడు. తీసుకుందంటే అది ఓపెన్ రిలే, అంటే ఎవరి మెయిల్‌నైనా ఎవరికైనా చేరవేసే సర్వర్. పోర్టుని ఆ క్షణమే మూసెయ్.

సర్టిఫికెట్ రెన్యూ అయ్యాక పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ రీలోడ్ అయ్యేలా హుక్ (దానంతట అదే నడిచే కమాండ్) పెట్టు. అది లేకపోతే ఇవాళ బాగానే ఉంటుంది, గడువు తీరాక ఒకరోజు ఫోన్లన్నీ ఒక్కసారే ఫిర్యాదు చేస్తాయి. పాత డిస్కుని నెల రోజులు చెరపకు, తప్పులు చూపిస్తోందన్నావు కాబట్టి దాని పూర్తి కాపీ ఇంకో చోట ఈ రాత్రే తీసిపెట్టు.

టీటీఎల్ రేపు పొద్దున్నే తగ్గించు. 'పోస్ట్‌కాన్ఫ్ -ఎన్' అవుట్‌పుట్ నాకు పంపు, పాస్‌వర్డ్‌లేమైనా ఉంటే తీసేసి పంపు. పోర్టు తెరిచేముందు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా పర్వాలేదు, ఇద్దరం కలిసి లాగ్ చూద్దాం.

మామయ్య