క్లౌన్ చేప పక్కకి ఒరిగి పడుకుంటే జబ్బేనా? ఆ కాపర్ సీసా కాసేపు పక్కన పెట్టండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు తల తోక తెలియాలి కదా. కడపలో మిద్దె మీది గది. 120 లీటర్ల ఉప్పునీటి తొట్టె, క్యానిస్టర్ ఫిల్టరు (మూత బిగించిన డబ్బా ఫిల్టరు), చిన్న వేవ్‌మేకరు (నీటిని కదిలించే పంపు), 8 నెలలుగా ఒక జత క్లౌన్ చేపలు. వారం నుంచి పెద్దది రాత్రిళ్లు మూలన పక్కకి ఒరిగి ఉంటోంది. పగలు చిన్నదాన్ని తరుముతోంది, చిన్నది వణుకుతోంది. ఆఖర్న ఒక్క ముక్క రాశారు: మధ్యాహ్నం పూట రెండూ వేవ్‌మేకరు ముందుకు చేరుతున్నాయి, మేత సరిగా ముట్టడం లేదు అని. షాపులో కాపర్, అంటే రాగి ఉన్న చేపల మందు, వేయమన్నారట, వేయాలా అని అడిగారు.

వద్దన్నా. మీరు భయపడిన మొదటి రెండూ మామూలే. మాటవరసకు చివర రాసిన మూడోదే అసలు సంగతి.

క్లౌన్ చేప నిద్రపోయే తీరే అంత. అనెమొని (సముద్రంలో క్లౌన్ చేప ఇల్లు చేసుకునే పువ్వులాంటి జీవి) లేని తొట్టెలో అది ఏదో ఒక మూలను ఇల్లు చేసుకుంటుంది. లైటు ఆరాక అక్కడే, నీటి పైఅంచుకు దగ్గరగా, ఒక పక్కకి వాలి తోక మెల్లగా ఆడిస్తూ పడుకుంటుంది. మొదటిసారి చూసిన ఎవరైనా చచ్చిపోయిందనే అనుకుంటారు. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఒకసారి వేసి చూడండి. కొన్ని క్షణాల్లో నిటారుగా నిలబడి విసుక్కున్నట్టు తిరిగిందంటే అది నిద్రే. పొద్దున లైటు వెలిగి గంటైనా ఒరిగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. రంగు రాత్రిపూట వెలిసినట్టు కనిపించడమూ ఇంతే, చాలా చేపలు చీకట్లో రంగు తగ్గించుకుంటాయి.

తరమడం, వణకడం కూడా రోగం కాదు. క్లౌన్ చేపలు ముందు మగవిగా ఎదుగుతాయి. జతలో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది, మళ్లీ వెనక్కి రాదు. అందుకే పెద్దమ్మ తన పెత్తనం రోజూ గుర్తుచేస్తుంటుంది. చిన్నది ఒళ్లంతా జలదరించినట్టు వణికి "సరే తల్లీ, నీ మాటే" అంటుంది. వణికాక పెద్దది వదిలేస్తోందా లేదా చూడండి. వదిలేస్తోంది, చిన్నదాని రెక్కలు చిరగలేదు, మేతకు వస్తోంది అంటే వేలు పెట్టకండి. ఒకే రాయిని రెండూ నోటితో పదేపదే గీకి శుభ్రం చేస్తుంటే గుడ్ల ఏర్పాటు మొదలైనట్టే. నారింజ రంగు గుడ్లు పెట్టాక మగది వారం పది రోజులు అక్కడే విసురుతూ కూర్చుంటుంది, మేతకు దూరంగా ఉంటుంది, తొట్టెలో చెయ్యి పెడితే కొరుకుతుంది కూడా. రెక్కలు చిరిగి, చిన్నది పైమూలన నక్కి మేత మానేస్తే మాత్రం పెద్దదాన్నే చిల్లుల డబ్బాలో 2, 3 రోజులు పెట్టండి. అందరూ దెబ్బలు తిన్నదాన్ని తీసి విడిగా పెడతారు, తిరిగి వదిలిన గంటలోనే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇలా జబ్బులా కనిపించే మామూలు చేష్టలు ఇంకా ఉన్నాయి. బ్లూ ట్యాంగ్ బెదిరితే రాళ్ల మధ్య పక్కకి పడి చచ్చినట్టు నటిస్తుంది. రాయల్ గ్రామా బండ కింద తలకిందులుగా ఈదుతుంది. కొన్ని రాస్ చేపలు రాత్రికి ఇసుకలో దూరిపోతాయి, పొద్దున లేచి వస్తాయి. వీటికి మందు పోసి చంపినవాళ్లు తక్కువేం లేరు.

ఇప్పుడు మూడోది. చేప చేష్ట మారితే ముందు చూడాల్సింది మచ్చలు కాదు, ఏ వేళకు మారింది, ఎక్కడికి చేరింది, మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయి అని. మధ్యాహ్నమే, నీరు కదిలే చోటికే అంటున్నారు కాబట్టి నాకైతే ఇది వేడి, గాలి తక్కువ అనే అనిపిస్తోంది. ఉప్పునీరు అసలే మంచినీటి కంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. గాలి పూర్తిగా కలిసినా 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు, 30 దగ్గర 6.2. నీరు వేడెక్కేకొద్దీ చేపకు అవసరం పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది.

మే నెలలో ఒంటిగంటకు కరెంటు పోయిందనుకోండి, తొట్టెలో ఏం జరుగుతుందో వరసగా చూడండి. అప్పటికే నీరు 29. వేవ్‌మేకరు ఆగగానే పైన సన్నటి జిడ్డు పొర పరుచుకుంటుంది, గాలి దిగడం బాగా తగ్గుతుంది. తలుపులు వేసిన గది, పైన కాలుతున్న స్లాబు. కాసేపటికి చేపలు ఇసుక దగ్గర తిరగడం మానేసి మధ్య నీటికి వస్తాయి. తర్వాత మొప్పలు వెడల్పుగా తెరుచుకుంటాయి, నోరు మూతపడదు. ఆ పైన మూతి నీటి అంచుకు ఆనించి తోక కిందకు వేలాడేసి నిలబడతాయి. ఈ దశలో వేసిన మేత ఒక్కటీ తినవు, అది కుళ్లి ఉన్న గాలినీ లాగేస్తుంది. ఈలోగా మూత బిగించిన క్యానిస్టర్‌లో నిలిచిన నీటిలో బాక్టీరియా ఆక్సిజన్ మొత్తం వాడేస్తుంది. నాలుగింటికి కరెంటు వస్తుంది, అందరం హమ్మయ్య అనుకుంటాం, ఆ చెడిన నీరంతా ఒక్కసారిగా తొట్టెలోకి దిగుతుంది. చేపలు చాలాసార్లు కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చాక పోతాయి. రెండు మూడు గంటలకు మించి ఆగితే క్యానిస్టర్ విప్పి, ఆ నీళ్లు పారబోసి, లోపలి రాళ్లు, స్పాంజీ తొట్టె నీళ్లతో జాడించి ఆ తర్వాతే నడపండి.

దీనికి పెద్ద ఖర్చేం లేదు. 5 వాట్ల వేవ్‌మేకరు ఒక్కదాన్ని ఇంటి ఇన్వర్టరు లైనుకు మార్చండి, పైకి కొద్దిగా తిప్పి నీటి మీద అలలు లేచేలా పెట్టండి. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి చాలు. చల్లదనానికి చిన్న ఫ్యాను నీటి పైభాగం మీదుగా ఏటవాలుగా ఊదేలా బిగించండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాను పెద్దగా పని చేయదు. మన పొడిగాలికి మాత్రం 2, 3 డిగ్రీలు అవలీలగా దించుతుంది. ఒక్క మెలిక ఉంది. అదే గదిలో నీళ్ల కూలర్ వేసి కిటికీలు మూస్తే గాలి తేమెక్కి తొట్టె ఫ్యాను పనితనం పడిపోతుంది. చేపలకు చల్లగా ఉండాలని కూలర్ వేస్తాం, నీళ్లేమో వేడెక్కుతాయి. కిటికీ ఒకటి తెరిచి ఉంచండి.

ఫ్యాను పెట్టాక నీళ్లు ఎగిరిపోతాయి, ఇక్కడే మన సీమ తొట్టెలు సగం పాడవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. మీ 120 లీటర్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 4,200 గ్రాముల ఉప్పుంది. రోజుకు 4 లీటర్లు ఎగిరితే, మూడు రోజులు ఊరికి పోయి వచ్చేసరికి 108 లీటర్లు మిగిలి ఉప్పు 38.9కి చేరుతుంది. తగ్గిన నీళ్ల బదులు ఉప్పు కలిపిన నీళ్లు పోసేవాళ్లున్నారే, వాళ్ల లెక్క ఇంకా ఘోరం. రోజుకు 4 లీటర్లంటే 140 గ్రాములు, నెలకు మళ్లీ 4,200. అంటే 30 రోజుల్లో ఉప్పు రెట్టింపు. "సముద్రం చేప కదన్నా, ఉప్పు నీళ్లే పోయాలి" అని ధీమాగా చెప్పే షాపులకు ఈ లెక్క చూపించండి.

అద్దం మీద టేపుతో గీత పెట్టి, పొద్దున రెండు, సాయంత్రం రెండు లీటర్లు ఉప్పు లేని నీళ్లే పోయండి. బోరు నీళ్లు వద్దు. మన బోర్లలో ఉన్నవన్నీ తొట్టెలో పేరుకుంటాయి, నాచు పడుతుంది. ఇంటి ఆర్వోలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) పెంచే మర ఉంటుంది, దాన్ని కట్టేయించండి. క్యాను నీళ్లయితే ప్రతిసారీ టీడీఎస్ పెన్ను ముంచి చూడండి, ఒకే ప్లాంటు నీళ్లు ఈ వారం ఒకలా వచ్చే వారం ఒకలా ఉంటాయి. పగడాలు లేవు, చేపలే కాబట్టి 50 లోపుంటే నడిచిపోతుంది. పగడాల మాట వచ్చింది కాబట్టి ఒక మాట: మన సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయిని "లైవ్ రాక్" అని అమ్మితే కొనకండి. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

ఉప్పు దేనితో కొలుస్తున్నారో మీరు రాయలేదు. ప్లాస్టిక్ ముల్లు హైడ్రోమీటరైతే ముల్లుకు బుడగ అంటుకుని ఎక్కువ చూపిస్తుంది, నమ్మకండి. రిఫ్రాక్టోమీటరు (వెలుతురు వంగడాన్ని బట్టి ఉప్పు చూపే పరికరం) తీసుకుని ఉప్పు 35 ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచేయండి, ఉత్త ఆర్వో నీళ్లతో సున్నా పెడితే పైన తేడా వస్తుంది. వాటి మీద రాసే ఆటోమేటిక్ సవరణ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మన మధ్యాహ్నం గదిలో 38 ఉంటే ఆ రీడింగ్ గాలిలో దీపమే. పొద్దున 6 గంటలకు చూడండి. నీటి సాపేక్ష సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) గీత మీద 1.025, 1.026 మధ్య ఉండాలి. ఎక్కువుంటే మంచినీళ్లతో రెండు మూడు రోజుల మీద దించండి. చేపలు తగ్గడాన్ని ఓర్చుకుంటాయి, నత్తలు, రొయ్యలు ఓర్చుకోవు.

జబ్బు అవకాశమే లేదని నేననడం లేదు. వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు పట్టిన చేప కూడా వేవ్‌మేకరు ముందే నిలబడి ఈదుతుంది, కాబట్టి రెండింటినీ వేరు చేయాలి. రేపు పొద్దున లైటు వెలిగిన కాసేపటికి చేప స్థిమితంగా ఉన్నప్పుడు 15 సెకన్లు మొప్పల కదలిక లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. మధ్యాహ్నం 3 గంటలకు మళ్లీ. లెక్క బాగా పెరిగితే ఫ్యాను, ఎయిర్‌స్టోను (ఎయిర్ పంపుకు తగిలించే బుడగల రాయి) వేసి గంట ఆగి మూడోసారి. తగ్గిందా, అది వేడీ గాలీ. తగ్గలేదా, వెంటనే అమోనియా కిట్టుతో చూడండి, సున్నా తప్ప ఏదొచ్చినా నీళ్లు మార్చాలి. అమోనియా సున్నాగా ఉండి కూడా ఊపిరి తగ్గలేదు, రోజంతా అలాగే ఉంది, వెలుతురుకు మొహం తిప్పుకుంటోంది, పక్కనుంచి టార్చి వేస్తే ఒంటి మీద సన్నటి పిండి చల్లినట్టుంది అంటే వెల్వెట్, దాంతో చేప రోజుల్లోనే చచ్చిపోతుంది. ఉప్పు గల్లులంత చుక్కలతో రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటే మెరైన్ ఇక్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు. ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే మూడో పరాన్నజీవి, క్లౌన్లకు తరచూ వచ్చేది అదే, దానికి కాపర్ పని చేయదు, ఫార్మలిన్ కావాలి. షాపుల్లో వీటన్నిటికీ ఒకటే పేరు "వైట్ స్పాట్", ఒకటే మందు. పుండు ఒకచోట, మందు ఒకచోట.

ఇక్, వెల్వెట్ అని తేలినా కాపర్ ఈ తొట్టెలో పోయకూడదు. రాళ్లు, ఇసుక కాపర్‌ను పీల్చుకుంటాయి, కొలత పడిపోతుంది, మీరు ఇంకొంచెం పోస్తారు. నత్తలు, రొయ్యలు, రాళ్లలోని పురుగులు చచ్చి అమోనియా లేస్తుంది. ఊపిరాడని చేపకు అది గోరుచుట్టు మీద రోకటి పోటు. 40 లీటర్ల ఉత్త తొట్టె, స్పాంజి ఫిల్టరు, దాక్కోడానికి రెండు పీవీసీ ఎల్బోలు పెట్టి వైద్యం అందులో చేయండి. సీసా మీద రాసింది చదవండి: చీలేటెడ్ రకం (రాగిని వేరే పదార్థంతో బంధించినది) 2 నుంచి 2.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాకా వెళ్తుంది, అయానిక్ రకం (బంధించని రాగి) 0.5 దగ్గరే ఆగాలి. ఒకదాని మోతాదు ఇంకోదానికి పోస్తే జబ్బు కంటే ముందు మందే చంపుతుంది. నెల రోజులు మోతాదు పడిపోకుండా కాపాడాలి, పెద్ద తొట్టె మాత్రం అంతకంటే ఎక్కువ కాలం చేపల్లేకుండా ఉండాలి. 45 రోజులకు తక్కువ కాదు, ఓపికుంటే 76 రోజులు.

ఇంకొకటి, ఆ గదిలో దోమల మందు ప్లగ్గు రాత్రంతా వెలుగుతోందా? వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు విషం, ఎయిర్ పంపు ఆ గాలినే తీసుకెళ్లి నీళ్లలో కలుపుతుంది. ఎయిర్ పంపు పెట్టేముందే ఆ ప్లగ్గు పీకేసి మంచానికి దోమతెర కట్టండి.

రేపటి మూడు లెక్కలూ, పొద్దుటి ఉప్పు రీడింగూ, మధ్యాహ్నం నీటి వేడీ ఇక్కడే రాయండి. అవి చూశాక మందు సంగతి మాట్లాడదాం.