డౌట్, సస్పెక్ట్ రెండూ అనుమానించడమే కదా, ఏది వాడితే ఏముంది?

డిక్షనరీలో రెంటికీ "అనుమానించు" అనే ఉంది, ఏది రాసినా చెల్లుతుందా అని అడిగారు. చెల్లదు. నా విషయంలో ఒక డేటాబేస్ పోయింది, దాంతోపాటు కాస్త పరువూ పోయింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. సర్వర్లు చూసే టీమ్‌లో నైట్ షిఫ్ట్. ఆ రాత్రి ఒక డేటాబేస్ దెబ్బతింది, ముందురోజు బ్యాకప్ నుంచి మళ్లీ ఎక్కించాలి. తీరా చూస్తే ఆ బ్యాకప్ ఫైలు రోజూ ఉండే సైజులో సగం కూడా లేదు. పాడైందని నాకు గట్టి అనుమానం. షిఫ్ట్ దిగేముందు తర్వాతి టీమ్‌కి మెయిల్ పెట్టాను: "ఐ డౌట్ ద బ్యాకప్ ఈజ్ కరప్టెడ్." ముందే హెచ్చరించేశానని హాయిగా పడుకున్నాను.

మెయిల్ చదివినాయనకి ఇంగ్లిష్ మాతృభాష. ఆయనకి అర్థమైంది ఇదీ: "బ్యాకప్ పాడై ఉంటుందని నేననుకోను." అంటే నిక్షేపంగా ఉందని! ఎక్కించేశాడు. అది సగంలో ఆగింది. ఆగేలోపు పాత డేటాబేస్‌లో మిగిలిన ఆ కాస్త డేటానీ తుడిచిపెట్టేసింది.

నిద్రలో ఫోన్. కాల్‌లో అప్పటికే నలుగురున్నారు. "పాడవలేదని మీరే రాశారుగా" అంటాడాయన. "పాడైందనే రాశానండీ" అంటాను నేను. ఆయన నా మెయిల్ పైకి చదివాడు. విన్నారా అన్నాడు. విన్నాను, నేనన్నదే కదా అన్నాను. ఈసారి ఒక్కో మాటా విడదీసి చదివాడు. ఇద్దరం ఒకే వాక్యం పట్టుకుని ఎవరికి వాళ్లం గెలిచామనుకుంటున్నాం. అప్పుడు చాట్‌లో మా సీనియర్ మెసేజ్ వచ్చింది: "అక్కడ సస్పెక్ట్ అనాలి బాబూ. ఇక వాదించకు." నేను మైక్ మ్యూట్ చేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అసలు చిక్కు మన "అనుమానం"లోనే ఉంది. "వాడు వస్తాడని నా అనుమానం" అంటే రావచ్చని. "వాడొచ్చేది అనుమానమే" అంటే రాడని. మాట ఒకటే, చుట్టూ ఉన్న వాక్యం అర్థాన్ని తిప్పేస్తోంది. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియే చేస్తుంది. మీ మనసులో వాక్యం "అని అనుమానం" అని వస్తే సస్పెక్ట్, "అయ్యేది అనుమానమే" అని వస్తే డౌట్. ఇన్నేళ్లలో ఈ కొలత నన్నెప్పుడూ మోసం చేయలేదు. "వస్తాడో రాడో" అని మధ్యలో ఊగుతుంటే డౌట్ పక్కన వెదర్ (whether) పెట్టండి. అలా ఊగుతూనే కాస్త మర్యాదగా అడగాలంటే "ఐ వండర్" ఉంది.

ఇంకో గొడవ, "ఐ హావ్ ఎ డౌట్". క్లాసులో చెయ్యెత్తి మనం అడిగేది ప్రశ్న. బయటి దేశపు టీచర్‌కి మాత్రం తను చెప్పింది మనం నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. క్వశ్చన్ అంటే సరిపోతుంది. కానీ క్వశ్చన్‌ని క్రియగా వాడేటప్పుడు జాగ్రత్త, అది నిలదీయడం అవుతుంది. డిస్ట్రస్ట్ అయితే మరీను, అక్కడ ఏకంగా మనిషి మీదే నమ్మకం లేదు. సినానిమ్స్ అంటూ ఇవన్నీ ఒకే వరుసలో రాయించి బట్టీ పట్టించినవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే. పరీక్షలో ఐదు మాటలు రాస్తే ఐదు మార్కులు. ఒకదాని చోట ఇంకోటి పెడితే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు.

నా పరువు నిలబెట్టుకోవడానికి తర్వాత కాస్త తవ్వాను. పాత ఇంగ్లిష్‌లో డౌట్‌కి భయపడడం, శంకించడం అనే అర్థాలూ ఉండేవి. షేక్‌స్పియర్ హామ్లెట్ "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అంటాడు, ఏదో కుట్ర జరిగిందని నా అనుమానం అని. అచ్చం నా మెయిలే! అదే నాటకంలో ఒఫీలియాకి రాసిన నాలుగు పాదాల కవితలో కూడా నక్షత్రాలు నిప్పన్నది నమ్మకపోయినా సరే అనడానికి డౌటే, సత్యం అబద్ధాలకోరని శంకించినా సరే అనడానికీ డౌటే. స్కాట్లాండ్‌లో ఈ పాత వాడుక ఇంకా ఉంది. అక్కడ "ఐ డౌట్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్" అంటే వాన వచ్చేలా ఉందని. ఆ రాత్రి మెయిల్ చదివినాయన స్కాట్లాండ్ వాడై ఉంటే నేను గట్టెక్కేవాణ్ణి.

నన్నడిగితే తప్పు ఇంగ్లిష్‌ది కాదు. మనకి సందేహం, అనుమానం అని రెండు వేర్వేరు మాటలున్నాయి. న్యాయశాస్త్రంలో (కోర్టులది కాదు, మన పాత తర్కశాస్త్రం) అనుమానం అంటే పొగ కనిపించింది కాబట్టి కొండ మీద నిప్పుందని తేల్చుకోవడం. ఫైలు సైజు చూసి బ్యాకప్ పాడైందనుకోవడం కూడా అదే, అంటే సస్పెక్ట్. ఎటూ తేలకుండా ఊగడం సందేహం, దానికి డౌట్ చక్కగా సరిపోతుంది. రెంటినీ కలిపేసి, పైన ఇంగ్లిష్ "డౌటు" కూడా తెచ్చి అన్నిటికీ అదే వాడుకుంటున్నాం. "వాడే తీశాడని నా డౌటు", "వాడొచ్చేది డౌటే", "సార్, చిన్న డౌటు". ఈ మూడూ మూడు వేర్వేరు పనులు.

ఇప్పుడు హ్యాండోవర్ మెయిల్స్‌లో నేను డౌట్ రాయను, సస్పెక్ట్ కూడా రాయను. "ఫైలు సైజు సగమే ఉంది. ఎక్కించవద్దు" అని రాస్తాను, రెండో వాక్యం బోల్డ్‌లో.