మూడు పుల్లల బండ బోను ఊరికే ఎందుకు పడిపోతుంది, ఎర తినేసినా ఎందుకు పడదు

మీరు అడిగినవి రెండు. మూడు పుల్లల్ని 4 అంకెలా అమర్చి పలకరాయిని నిలబెడితే ఒకసారి గాలికే పడిపోతోంది, ఇంకోసారి ఎలుక ఎర అంతా తినేసి వెళ్లినా కదలడం లేదు, ఎందుకని? అరకు, లంబసింగి వైపు క్యాంపింగ్‌లో తిండి అయిపోతే ఇది పనికొస్తుందా?

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అడవిలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, బోను పెట్టడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. విశాఖ దగ్గరి కంబాలకొండ లాంటి అభయారణ్యంలో దొరికితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పైగా బండ కిందకి వచ్చేది ఎలుకా, పునుగుపిల్లా, అలుగా అన్నది మన చేతుల్లో ఉండదు. దారి తప్పితే మొదట కావలసింది నీళ్లు, నీడ, ఈల. తిండి లేకుండా కొన్ని రోజులు గడుస్తాయి. ఈ పని నేర్చుకోవాలంటే ఆనందపురం, భీమిలి వైపు మీ తోటలోనో, ధాన్యం పెట్టే పాకలోనో ఎలుకల కోసం నేర్చుకోండి. అక్కడ దాని అవసరమూ ఉంది.

ఇక అసలు విషయం. బోను నమ్మకంగా పనిచేయడానికి బండ బరువు కన్నా పుల్లల మీద చెక్కిన గంట్లే ముఖ్యం. కొలతలన్నీ 30 సెం.మీ. చదరం, 3 సెం.మీ. మందం ఉన్న నాపరాయి ముక్కకి చెప్తాను. అది దాదాపు 7 కిలోలు తూగుతుంది, ఎలుకకి చాలు. మన కొండల్లో దొరికే ఖొండలైటు అనే రాయి పొరలు పొరలుగా విడుతుంది కాబట్టి పలకలు సులువుగానే దొరుకుతాయి. కానీ వానకి నాని ఎర్రబడిన పలక అంచు పొడిపొడిగా రాలుతుంది, పుల్ల ఆనిన చోట రాలిందంటే బోను దానంతటదే పడుతుంది. రాయితో తట్టి చూడండి, ఖంగుమనాలి.

నిలువుగా నిలబడే నిట్టపుల్ల 17-18 సెం.మీ., దాని మీద వాలి పలకని మోసే ఏటవాలు పుల్ల 20, అడ్డంగా బండ కిందకి వెళ్లే ఎరపుల్ల 30. మొదటి రెండూ బొటనవేలి లావున ఎండిన సరుగుడు గానీ వేప గానీ. ఎరపుల్లకి ఎండు వెదురు బద్దని మించింది లేదు. మునగ లాంటి మెత్తని కర్ర వద్దు, గంటు నలిగిపోతుంది. పచ్చి కర్ర కూడా వద్దు, ఈరోజు సరిగ్గా కూర్చున్న గంటు రెండు రోజుల్లో ఎండి వంకరపోతుంది.

నిట్టపుల్ల పై కొసని ఉలి మొనలా రెండు వైపులా చెక్కండి. మరీ పదును వద్దు, 3 మి.మీ. వెడల్పు ఉంచండి. అడుగు నుంచి 5 సెం.మీ. ఎత్తులో గుండ్రని బెరడు తీసేసి పలకలుగా చెక్కి చదరపు మూల తేల్చండి. ఏటవాలు పుల్ల కింది కొస కూడా ఉలి మొనే. దాని పై కొస నుంచి 2.5 సెం.మీ. వదిలి అడుగు వైపు ఒక గంటు కొట్టండి, అది నిట్టపుల్ల కొస మీద కూర్చుంటుంది. ఎరపుల్ల బయటి కొసకి దగ్గరగా, పై వైపున ఒక గంటు, అందులో ఏటవాలు పుల్ల కింది మొన ఆగుతుంది. అక్కడి నుంచి పన్నెండున్నర సెం.మీ. దూరంలో, పక్క వైపున రెండో గంటు, అది నిట్టపుల్ల మూలని పట్టుకుంటుంది. మిగిలిన 15 సెం.మీ. బండ కిందకి వెళ్తుంది, దాని చివర ఎర.

ఆ 2.5 సెం.మీ. దగ్గరే చాలామంది తప్పుతారు. పలక వెనక అంచు నేల మీద ఆనుతుంది కాబట్టి పుల్లల మీద పడేది సగం బరువు, మూడున్నర కిలోలు. గంటు కొస నుంచి 2.5 సెం.మీ.లో ఉంటే ఎరపుల్ల మీద లాగుడు అందులో ఏడో వంతు, అంటే అర కిలో. అదే గంటు 5 సెం.మీ.లో కొడితే మూడో వంతు, కిలో దాటుతుంది. అంత బిగువులో ఎలుక ఎర పీకినా గంటు జారదు. మీ బోను ఎర తినేసినా పడకపోవడానికి మొదటి అనుమానం ఇదే.

రెండో అనుమానం ఎరపుల్ల మీది పక్క గంటు. దానిలో పనిచేసేది ఒక్క గోడే, ఎర వైపు ఉన్న గోడ. అది నిట్టపుల్ల లోపలి ముఖానికి ఆనుకుని ఉంటుంది. ఆ గోడ కొక్కెంలా లోపలికి వంగితే బోను పడదు, బయటికి వాలితే గాలికే పడుతుంది. నిలువుగా, 3 మి.మీ. లోతులో ఉండాలి. చాకుతో ఒక్కో పొర గీరుతూ సరిచేయండి, తొందరపడితే ఆ పుల్ల పారేసి కొత్తది చెక్కుకోవాల్సిందే.

పెట్టేటప్పుడు పలక కింద ఒక ఇటుక నిలబెట్టే ఉంచండి, ఏడు కిలోల రాయి వేళ్ల మీద పడితే ఎముక విరుగుతుంది. పలక వెనక అంచు జారకుండా ఒక రాయి అడ్డం పెట్టండి. పుల్లలన్నీ కూర్చున్నాక, పలక ముందు అంచు నేల నుంచి 19 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, ఎర ఉన్న చోట నేల నుంచి దాదాపు 8 సెం.మీ. ఎత్తులో. ఇంతకన్నా ఎత్తు పెంచకండి. ఏ వస్తువైనా 12 సెం.మీ. పడడానికి 0.16 సెకను, 30 సెం.మీ. పడడానికి 0.25 సెకను పడుతుంది. ఆ తేడాలో ఎలుక తప్పించుకుంటుంది.

నిట్టపుల్ల అడుగు భూమిలో పాతకూడదు. పలక పడేటప్పుడు దాని ముందు అంచు కొన్ని సెం.మీ. ముందుకి జరుగుతుంది, నిట్టపుల్ల తన్నుకుని పక్కకి పోవాలి. పాతి ఉంటే అదే స్తంభమై పలకని ఆపేస్తుంది, ఎలుక బతికి పోతుంది. అడుగున చదునైన గట్టి రాయి పెట్టి దాని మీద నిలబెట్టండి. ఎర కింద కూడా గట్టి రాయే ఉండాలి. భీమిలి ఇసక నేలలో నేరుగా పెడితే నిట్టపుల్ల దిగబడుతుంది, బండ కింద ఎలుక ఇసకలో కూరుకుని నలగదు.

ఇటుక తీశాక పరీక్ష. ఒక అడుగు దూరంలో కాలితో నేల తన్నండి, పడకూడదు. చీపురు పుల్లతో ఎరని మెల్లగా పక్కకి నెట్టండి, పడాలి. రెండూ కుదిరేదాకా ఎర పెట్టకండి.

ఎరగా ఎండు రొయ్య, కాల్చిన కొబ్బరి ముక్క, వేరుశనగ ముద్ద. ఎరపుల్ల కొస చీల్చి అందులో ఇరికించి దారంతో కట్టాలి, పైన పెడితే నాకి పోతుంది. మన ఉక్కపోతలో చీమలు ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి, కాబట్టి సాయంత్రమే ఎర మార్చండి. ఎలుక కొత్త వస్తువు చూస్తే బెదురుతుంది. మూడు నాలుగు రాత్రులు పలక ఇటుక మీదే ఉంచి, కింద ఎర తిననివ్వండి, తర్వాత బోను పెట్టండి. నడి గదిలో కాదు, ఎలుక పెంటికలు, జిడ్డు మరకలు కనిపించే గోడ వారనే. రెండు పక్కలా రాళ్లు పేర్చి ముందు నుంచే దారి ఉంచండి.

సన్న తాడు ఉంటే ఇంకా సున్నితమైన రకం ఉంది. ఏటవాలు పుల్ల కింది కొసకి తాడు కట్టి, చివర 5 సెం.మీ. పుల్లముక్క కట్టండి. తాడుని నిట్టపుల్ల చుట్టూ సగం చుట్టు తిప్పి, ఆ ముక్కకీ పలక అడుగుకీ మధ్య సన్నని ఎరపుల్ల ఇరికిస్తారు. ఎర కదలగానే తాడు విడిపోతుంది. చెక్కే పని తక్కువే గానీ వానాకాలం నూలు తాడు తడిసి బిగుసుకుంటుంది, నైలాన్ వాడండి.

పందికొక్కుకి ఈ పలక చాలదు, రెండింతలు బరువు, దానికి తగ్గ ఎత్తు కావాలి. పిల్లి, కోళ్లు, పిల్లలు తిరిగే చోట రాత్రే పెట్టి తెల్లారగానే దింపేయండి. పడ్డ ఎలుకని చేత్తో ముట్టుకోకండి, ఎలుక మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది. గ్లవ్స్ వేసుకుని లోతుగా పూడ్చి, పలకని, రాయిని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి.